పసుపు మచ్చ ఉన్న నూరు

ఏప్రిల్ 3

అమ్మ ట్రంకుపెట్టె ఈరోజు తెరిచాను. అమ్మ పోయిన దగ్గర నుంచి తెరువు తెరువు అని అక్క ప్రాణం తీస్తోంది. రైల్వే డివిజన్ ఆఫీసులో మార్చి నెలాఖరు బిల్లులంటే ఏమిటో తఖత్‌పూర్‌లో కూర్చున్న మనిషికి ఏం తెలుస్తుంది! పెట్టెలో రెండు నేత చీరలు, నాన్న ఖాకీ చొక్కా, పైడితల్లి పటం ఉన్నాయి. పటం వెనక, అట్టకీ బొమ్మకీ మధ్య, ఆ నూరు రూపాయల నోటు.

దాని కథ చిన్నప్పుడు వందసార్లు విన్నదే. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఖలాసీగా చేరాడు. జీతం మొదటిసారి నూరు దాటిన నెలలో ఈ నోటు తెచ్చి పటం దగ్గర పెట్టి, ఇది మాత్రం ఖర్చు పెట్టేది కాదు అన్నాడట. సిరిమాను జాతరకి ఏనాడూ సెలవు దొరికేది కాదు. అందుకని ఆ మంగళవారం అమ్మ క్వార్టర్లోనే పటం ముందు దీపం పెట్టి, నోటు మూలకి పసుపు బొట్టు పెట్టేది. ఇంట్లో ఎవరికి మొదటి జీతం వచ్చినా దాని మీద ఈ నోటు ఉంచి దండం పెట్టించేది. నాకూ పెట్టించింది. అన్నేళ్ళ పసుపూ కలిసి ఒక మూల మచ్చ కట్టింది.

ఇప్పుడు అక్క కూతురు భవిత రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ అయింది. నోటు భవితకివ్వమని అమ్మ చెప్పిందట. ఎవరితో? అక్కతో. నాతో చెప్పలేదు. నాతో చెప్పనిది చెప్పినట్టు ఎలా అవుతుంది?

నోటు వెనక ఆనకట్ట బొమ్మ ఉంది. ఇప్పటి నోటు కంటే పెద్దది. ఇలాంటివాటికి పిచ్చి పట్టి కొనేవాళ్ళు ఉన్నారని ఆఫీసులో ప్రవీణ్ అన్నాడు. 

రిటైరైతే ఈ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. లింగియాడీహ్‌లో ఒక ప్లాటు చూసి ఉంచాను. అడ్వాన్సు దగ్గర ఆగింది. ఈ రెండు విషయాలకీ సంబంధం లేదు, ఊరికే రాశాను.

ఏప్రిల్ 5

పాత నోట్ల రేట్ల పుస్తకం తెప్పించాను. మన నోటు అందులో ఉంది. మంచి కండిషన్‌లో ఉంటే మంచి రేటు అని రాశాడు. మనది మంచి కండిషనే.

ఏప్రిల్ 7

అక్క వచ్చింది. బావ చంద్రమౌళి రాలేదు. రైస్‌మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం, సెలవడిగితే సేటు మొహం మాడ్చుకుంటాడట.

వస్తూనే చెప్పులైనా సరిగ్గా విడవకుండా, "ఏటిరా, అమ్మ నోటు దొరికిందట గదా. ఇలగియ్యి, భవిత మొదటి జీతానికి పటం కాడ ఎట్టాల" అంది.

నేను శాంతంగా చెప్పాను. అమ్మ వస్తువు అంటే ఇద్దరిదీ. చించి పంచుకోలేం. కనుక ఒకరు ఉంచుకుని రెండోవాళ్ళకి సగం విలువ ఇచ్చెయ్యాలి. నేను ఉంచుకుంటాను, నీకు సగం ఇస్తాను. ఇంతకంటే న్యాయం ఎక్కడ ఉంటుంది?

"ఎంతేటి దాని విలువ?"

"పాతది, పైగా మరక. మహా అయితే అయిదు వందలు. నీ వాటా రెండు వందల యాభై."

నేను పర్సు తీసేలోపు అక్క తన సంచీ తీసింది. "మరైతే ఆ రెండొందల యాభై నేనే ఇస్తాన్రా. నోటు నాకిచ్చీ."

డబ్బు నా చేతిలో పెట్టేసింది కూడా! వంటింటి గుమ్మంలో నిలబడి జ్యోతిర్మయి నవ్వింది. కట్టుకున్న భార్య నవ్వడానికి అక్కడేముందో నాకు అర్థం కాలేదు. ఇది నోటి అంచనా మాత్రమే, తెలిసినవాళ్ళ చేత సరిగ్గా వేయించాలి అని చెప్పి డబ్బు తిరిగి ఇచ్చేశాను.

"అచ్ఛా, ఏయించు మరి" అని అక్క టీ తాగి బస్సుకి వెళ్ళిపోయింది.

అవతలివాళ్ళ చేతికి వెళ్ళేటప్పుడు వస్తువు విలువ పెరగడం సహజం. దీన్నే మార్కెట్ అంటారు. జ్యోతికి కామర్స్ తెలియదు.

ఏప్రిల్ 8

అయిదు వందలు అనడం తొందరపాటు.

ఏప్రిల్ 11

పాత నోట్ల మీద వీడియోలు చేసే ఒకాయనకి ఫోటో పంపాను. అర నిమిషంలో ఫోన్ వచ్చింది. హిందీలో మాట్లాడాడు. నాలుగున్నర లక్షలట! కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వెంటనే మనిషి వచ్చి తీసుకెళ్తాడు, కాకపోతే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపాలి అన్నాడు.

నాతోనా? ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచి జనం దొంగబిల్లులు పట్టుకున్నవాణ్ణి నేను. నాలుగు చీవాట్లు పెట్టి నంబరు బ్లాక్ చేశాను.

మనిషి మోసగాడు, అందులో సందేహం లేదు. కానీ అసలు రేటు తెలియనివాడు మోసం మాత్రం ఎలా చేస్తాడు? కనుక నాలుగున్నర లక్షలు నిజం.

సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. పోనీలే, అన్న మాట ప్రకారం నువ్వే ఉంచుకో, నా సగం రెండు లక్షల పాతిక వేలు నాకిచ్చెయ్ అన్నాను.

"నేను ఇయ్యలేకపోతే ఏటి సేస్తావురా?"

"కొనేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

"అమ్మీస్తావా?"

"అమ్మితే సగం నీదే కదక్కా, నీకేం నష్టం?"

అక్క పెట్టేసింది. లాభం వస్తుందంటే కూడా సంతోషించని మనిషిని ఏమనాలి?

ఏప్రిల్ 14

పాత నోట్ల రేట్లు చెప్తానని కాలనీలో నా పేరు పాకింది. పొద్దున్న మూడో లైను గార్డుగారు ఒక పాత పది రూపాయల నోటు పట్టుకొచ్చారు. ఇరవై వేలన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది, వాళ్ళింటికి తీసుకెళ్ళి పెసరట్టు పెట్టించారు. అది తిన్నాక ఇరవై అయిదు అనిపించింది. పక్క క్వార్టర్ ఆవిడ రెండు రూపాయల నోట్ల కట్ట చూపించి మంచినీళ్ళయినా ఇవ్వలేదు. మూడు వందలన్నాను. పెసరట్టుకీ అంచనాకీ సంబంధం లేదు. పుస్తకం చూసే చెప్పాను.

"ఇరవై ఐదేలు మీరిచ్చి కొనండి మరి" అంది జ్యోతి.

అంచనా వేసేవాడు కొనకూడదు, అది నీతి. ఆవిడకి చెప్పి లాభం లేదు.

ఏప్రిల్ 16

పుస్తకంలో చివరి పేజీలు ఇప్పుడు చదివాను. మరక ఉంటే విలువ సగానికి పైగా పడిపోతుందట! అంటే ఆ పసుపు వల్ల నాకు, కాదు మా ఇద్దరికీ, లక్షల్లో నష్టం. అమ్మకి తెలియక చేసింది. తెలిసిన కొడుకు ఊరుకోకూడదు.

జ్యోతి కూరలకి వెళ్ళింది. ఇలాంటి పనికి ఇంట్లో ఎవరూ లేని వేళే మంచిది. పళ్ళెంలో నీళ్ళు పోసి, బట్టల సబ్బు నురగ చేసి, పాత బ్రష్షుతో మెల్లగా రుద్దాను.

పసుపు ఎర్రబడింది. చూస్తుండగానే మూలంతా ముదురు ఎరుపు. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడింది.

జ్యోతి వచ్చి సంచీ కింద పెట్టకుండానే చూసింది. "పసుపు మీద సబ్బేస్తే ఎర్రబడదేటండీ? పసుపు బట్ట ఉతికిన ఏ ఆడదాన్నడిగినా సెప్తాది."

"ముందే చెప్పొచ్చుగా!"

"నన్నడిగీరేటి?"

ఇలా ఉంటుంది సహకారం.

ఏప్రిల్ 17

నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగు వచ్చింది. ఆనందం వేసింది. కానీ మూలన ఉన్న మచ్చ మధ్య దాకా పాకింది. దొడ్లో డ్రెయినేజీకి చల్లే బ్లీచింగ్ ఉంది కదా, అది కొంచెం, చెంచాడంటే చెంచాడే, నీళ్ళలో కలిపి ముంచాను.

మచ్చ పూర్తిగా పోయింది. మచ్చ కింద ఉన్న అచ్చు కూడా పోయింది.

తడి ఆరాలని ఇస్త్రీ చేశాను.

ఏప్రిల్ 18

చిరగలేదు. మడత దగ్గర విడిపోయింది, అంతే.

ఏప్రిల్ 20

అక్క ఫోన్ చేసింది. నేను తీసేసరికి మాట్లాడటం మొదలుపెట్టేసింది, మనసు మార్చుకుంటానేమో అన్న భయంతో కాబోలు.

"ఒరే గిరీ, సరేరా. రెండు లచ్చల పాతికా ఇస్తాను. శనివారం వస్తాను. ఎవుళికీ అమ్మీకురా. మాటేనా?"

"మాటే."

"ఆ పసుపు మీద సెయ్యి ఎయ్యకు. అమ్మ సేతిది. నాకు అదే గావాల, నోటు కాదు."

ఇంత డబ్బు ఎక్కడిదని అడగలేదు. ఒకరి సొంత విషయాలు అడగడం నాకు అలవాటు లేదు.

నోటు రేట్ల పుస్తకంలో రెండు పేజీల మధ్య ఉంది. తీసి చూశాను. మళ్ళీ పెట్టేశాను. ఫోన్ చేసి చెప్పేస్తే పోతుంది అనుకున్నాను. నంబరు కూడా నొక్కాను. ఏమని చెప్తాను? అక్క ఏడుస్తుంది. శనివారం దాకా టైముంది కదా అని కట్ చేశాను. మళ్ళీ అక్కే చేసింది, "ఏటిరా, కాల్ సేసినావు?" అని. పొరపాటున తగిలింది అన్నాను.

ఏప్రిల్ 22

సదర్ బజార్‌లో పాత నాణేలు, నోట్లు అమ్మే ఓంకార్ సేటు కొట్టుకి వెళ్ళాను. మూరెడు వెడల్పు కొట్టు, సేటు మాత్రం దిట్టంగా ఉన్నాడు. నోటు అందుకుని చూడక ముందు వాసన చూశాడు.

"సాబూన్, నింబూ, బ్లీచింగ్" అన్నాడు, వరసగా. "పసుపు పోగొట్టారా?"

"మీకెలా తెలుసు?"

"ఇంటికొక పండితుడు ఉంటాడు సాబ్. ఉతక్కుండా ఉంటే, ఆ పసుపుతోనే ఆరు వందలిచ్చేవాణ్ణి."

"ఆరు వందలా! నాలుగున్నర లక్షలు పలికింది దీనికి."

"అచ్ఛా? వెళ్ళి తెచ్చుకోండి మరి" అని పేపరు తీశాడు. "ఇప్పుడైతే బ్యాంకులో ఇవ్వండి. నూరు రూపాయలిస్తారు."

వ్యాపారులు ఇలాగే అంటారు, బేరం కోసం. అయినా నాకు దానితో పని లేదు. ఇలాంటిదే ఇంకోటి ఉందా అని అడిగాను. సొరుగు లాగి పేక ముక్కల్లా ఒక దొంతర బల్ల మీద పరిచాడు! అన్నీ ఆనకట్ట బొమ్మలే. కొంచెం నలిగినది ఒకటి ఎంచుకున్నాను. పద్దెనిమిది వందలన్నాడు.

"ఇందాక ఆరు వందలన్నారే!"

"మీరు అమ్మేటప్పుడు ఆరు వందలు. నేను అమ్మేటప్పుడు పద్దెనిమిది వందలు."

ఒకే నోటుకి, ఒకే నోటితో, రెండు రేట్లు. సిగ్గులేని మనిషి. ఇలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా ఉంది.

ఏప్రిల్ 23

కొన్న నోటు మూలకి బొటనవేలితో పసుపు పెట్టాను. కొంచెం నూనె కలిపితే పాతగా కనిపిస్తుంది. ఆరాక ఇంకో పొర, మళ్ళీ ఇంకో పొర. పటం వెనక పెట్టేశాను.

షెడ్డులో ఇంజనుకి ఎన్ని పార్టులు మార్చినా అదే ఇంజన్ అంటారు, నంబరు మారదు. ఈ నోటుకి నంబరు మారిందనుకో. అక్క నంబరు చూడదు. ఆవిడకి కావలసింది పసుపు. పసుపు ఉంది. భవిత దండం పెట్టుకుంటుంది, అక్క మనసు నిండుతుంది, అమ్మ కోరిక తీరుతుంది. ఆలోచిస్తే దీంట్లో నష్టపోయినవాణ్ణి నేనొక్కణ్ణే, పద్దెనిమిది వందలు.

జ్యోతి చూసింది. రాత్రి అన్నం వడ్డించి తను తినకుండా పడుకుంది. ఒంట్లో బాగా లేదేమో.

ఏప్రిల్ 26

అక్క వచ్చింది. మంచినీళ్ళు తాగి, చెక్కు తీసి బల్ల మీద పెట్టింది. బావ ఖాతాది. రెండు లక్షల పాతిక వేలు, అక్షరాల్లో కూడా రాశాడు, ఆయన రాత ముత్యాల్లా ఉంటుంది. అక్క చేతులకి మట్టి గాజులున్నాయి. ఎండాకాలం కదా, బంగారం వేడి చేస్తుందేమో.

పటం వెనక నుంచి నోటు తీసి ఇచ్చాను. రెండు చేతులా అందుకుంది. కళ్ళకద్దుకుంటుందనుకున్నాను. మొహం దాకా తీసుకెళ్ళి ఆగింది. వెలుతురు కోసమని గుమ్మం దగ్గరికి వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది.

"పసుపు ఇంత కొత్తగా ఉందేటిరా?"

"గాలి తగలదు కదక్కా, పటం వెనక."

నా వైపు చూసింది. నేను చెక్కు వైపు చూశాను. జ్యోతి లోపల ఏదో గిన్నె కింద పడేసింది.

"ఇదేనేటిరా?" అంది అక్క మళ్ళీ.

"ఇదే."

అక్క నోటు మడిచి, బస్సు టికెట్టు పెట్టుకున్నట్టు పర్సులో పెట్టుకుంది. అన్నం తినమంటే ఆకలి లేదంది. వచ్చే నెల ఆరో తేదీ, మంగళవారం, భవిత మొదటి జీతం పూజ, మేనమామవి నువ్వుండాలి అని చెప్పి వెళ్ళిపోయింది. బస్టాండు దాకా దిగబెడతానన్నాను. వద్దంది.

ఏప్రిల్ 27

చెక్కు బ్యాంకులో వెయ్యను. బీరువాలో ఉంచుతాను. అక్క చల్లబడ్డాక అంతా చెప్పి ఇచ్చేస్తాను. ఈ నిర్ణయం తీసుకున్నాక ప్రాణం హాయిగా ఉంది.

ఏప్రిల్ 28

ఆఫీసుకి వెళ్తుంటే దారిలో బ్యాంకు వచ్చింది. వేసేశాను. చెక్కు ఊరికే ఉంచితే గడువు దాటిపోతుంది, అప్పుడు బావకే ఇబ్బంది. వెళ్ళాను కనుక పనిలో పనిగా ఆ విడిపోయిన నోటు కూడా కౌంటర్లో ఇచ్చాను. ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి, ఎవరినో అడిగి వచ్చి, నూరు రూపాయలిచ్చింది. సేటు ఈ ఒక్కటీ నిజమే చెప్పాడు.

ఏప్రిల్ 30

డబ్బు పడింది. లింగియాడీహ్ ప్లాటాయనకి అడ్వాన్సు పంపేశాను. నాలుగున్నర లక్షల్లో సగం నిజంగా వచ్చింది! నా అంచనా మీద నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వాలి. జ్యోతి నవ్వలేదు.

మే 6

తఖత్‌పూర్ వెళ్ళొచ్చాం. చెయ్యి కడుక్కుని ముందు ఇది రాస్తున్నాను.

చేతులూపుకుంటూ వెళ్ళకూడదని దారిలో భవితకి పేడా పెట్టె కొన్నాను. ఇంటి నిండా జనం. బావ పంచె కట్టుకుని తిరుగుతున్నాడు. భవిత యూనిఫాంలోనే వచ్చి "మావయ్యా" అని నా కాళ్ళకి దండం పెట్టింది. ఇంజన్‌లో ఎంత వేడో, మొదటిసారి హారన్ తను కొట్టినప్పుడు ఎంత నవ్వొచ్చిందో సగం హిందీలో, సగం మన మాటలో గబగబా చెప్పింది. మంచి పిల్ల. నాన్న ఉంటే దాన్ని భుజమ్మీద ఎక్కించుకుని షెడ్డంతా తిప్పేవాడు.

పూజ మొదలైంది. పళ్ళెంలో భవిత జీతం డబ్బు. దాని మీద పెట్టాల్సిన నోటు కోసం చూశాను. లేదు. భవిత తెచ్చిన డబ్బులోంచే ఒక కొత్త నూరు తీసి, అక్క దాని మూలకి పసుపు పెట్టి, అదే మీద ఉంచింది. హారతి ఇచ్చారు. భవిత కళ్ళకద్దుకుంది.

హారతి అయ్యాక అక్కని వంటింటి వైపు పిలిచాను. "అక్కా, నోటేది?"

"పరసులో ఉంది."

"అక్కడ పెట్టలేదే?"

"బజార్లో కొన్న సరుకు అమ్మోరి కాడ ఎందుకురా?"

నేనేదో అనబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. గొంతు పెంచలేదు. "అమ్మ ఉంగరం ఏలితో ఎట్టేది. సిన్న బొట్టు, గుండ్రంగా. అన్నేళ్ళూ ఆ సిన్న బొట్టు మీదే బొట్టు. నువ్విచ్చింది బొటనేలి ముద్ర. అది నీదే. పాడు సేసీసావు గదా అసలుది? సెప్పు. నేను తిట్టను. ముక్కలయిపోయినా పర్లేదు, నాకిచ్చీ. బూడిదయినా ఇచ్చీ, పొట్లం గట్టుకుంటాను. ఏదిరా అమ్మ నోటు?"

అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది, ఇంట్లో ఉంది రేపు తెస్తాను అని. కానీ అక్క రెండు చేతులూ ఎదురుగా చాచి ఉన్నాయి, నేను ఇప్పుడే ఇచ్చేస్తానన్నట్టు.

"బ్యాంకులో ఇచ్చేశానక్కా."

"బేంకులోనా? ఎందుకు?"

"చిరిగింది కదా. నూరు రూపాయలిచ్చారు."

పేడా పెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ఆ నూరు పెట్టే కొన్నాను. అక్క దాని వైపు చూస్తుంటే వెనక్కి దాచుకున్నాను. ఆవిడకి ఎలాగూ తెలియదు. నాకు మాత్రం చెయ్యి కాలినట్టే ఉంది.

"డబ్బు..." అన్నాను. అడ్వాన్సు పంపేసిన సంగతి గుర్తొచ్చి ఆగాను.

అక్క చేతులు దించేసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆ మొహం నాకు తెలిసినది కాదు, పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారికి ఎదురొచ్చే మొహం.

"ఉంచండి" అంది.

నాకు అర్థం కాలేదు. నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాను.

అక్క జనం ఉన్న గదిలోకి నడిచి, అందరికీ వినబడేలా అంది. "గిరిబాబుగారూ, మీరూ మీ ఆవిడా భోజనం చేసి ఎల్లండి. ఎండన పడి వచ్చారు."

వాళ్ళమ్మ జోకేసిందనుకుని భవిత పకపకా నవ్వింది. బావ నవ్వలేదు, తల దించుకుని విస్తళ్ళు వేస్తున్నాడు. కూర్చున్నాను. పప్పు అక్కే వడ్డించింది. "ఇంకొంచెం ఎయ్యమంటారా?" అంది. చాలన్నాను.

పదిమందిలో గౌరవంగా పిలిచింది, ఇందులో తప్పు పట్టడానికి ఏముంది అని బస్సులో జ్యోతితో అన్నాను. జ్యోతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బిలాస్‌పూర్ వచ్చేదాకా అలాగే ఉంది.

అమ్మ పోయాక నన్ను ఒరే అని పిలిచేది అక్క ఒక్కతే. ఇంకెవరూ లేరు.